పప్పు ఉడికేదాకా పాత బిందె

మర్రిగూడ,
19 నవంబర్ 2023.

మా ఇంటి ఇంజినీరు ప్రవీణ్‌కు,

ఈ ఉత్తరం తర్వాత కొన్నాళ్లు నా నుంచి కబురు ఉండదు. అలిగిందనుకోకు. పత్తి ఇంటికి వచ్చింది. రేటు లేదని నీ గోపమ్మ అవ్వ అమ్మనంటోంది. మా చిన్నమ్మ సంగతి నీకు తెలియనిదా, ఆమె ఒకసారి కాదందంటే మందలో పోతులు కూడా తల దించుకుంటాయి. వాకిట్లో పోస్తే మంచు, కొట్టంలో పోస్తే మేకలు. అందుకని నా గదిలోకే తెచ్చి పోస్తున్నారు. ఇప్పటికే కిటికీ సగం మూసుకుపోయింది. రేపు కంప్యూటర్‌కు దుప్పటి చుట్టి, పైన తాటిపత్రి పట్టా కప్పి, దాని మీద కూడా పోస్తారట.

“జర దాన్ని పక్క గదిల పెడదాం చిన్నమ్మా” అన్నాను.

“గా డబ్బా ఏమన్న తిండి పెడతాందా? రెండు నెలలు పండుకోనియ్” అంది.

ఆమెకు ఇంకా చెప్పలేదు, ముందు నీకే చెబుతున్నాను. ఆ డబ్బా తిండి పెట్టేలాగే ఉంది. హైదరాబాద్‌లో పిల్లల పుస్తకాలు అచ్చువేసే సుచరిత అనే ఆమె నేను టైపు చేసిన పేజీలు చూసింది. ఫిబ్రవరిలోగా ఒక కథల పుస్తకం మొత్తం టైపు చేసి, పేజీలు అమర్చి ఇవ్వగలరా అని అడిగింది. పని నచ్చితే ఇక వరుసగా ఇస్తుందట. సరే అన్నాను. నా వేళ్లు వంగవనీ, మెడ తిరగదనీ, తెర మీద వరుసగా కదిలే అక్షరాల్లోంచి కాలితో పెడల్ తొక్కి ఒక్కోటి ఏరుకుంటాననీ చెప్పలేదు. చెబితే జాలిపడి ఇస్తుందో, జాలిపడి మానుకుంటుందో. నాకు రెండూ వద్దు. పని చూసి ఇవ్వాలి. నలభై ఆరేళ్లొచ్చాయి, ఇప్పటిదాకా నన్ను చూసి ఇచ్చినవాళ్లే కానీ నా పని చూసి ఇచ్చినవాళ్లు లేరు.

నువ్వు కట్టిన పెడల్ బాగానే ఉంది. అక్షరం పడ్డప్పుడల్లా మేకమెడ గంట మోగుతోంది. మొన్న ఆ చప్పుడుకు కొట్టంలోని నల్లమేక లేచి నిలబడింది. దాని గంటే రికార్డు చేశావని దానికెట్లా తెలిసిందో.

ఫోన్ చెయ్యకు. నువ్వు హాస్టల్‌కు పోయిననాడు పెట్టుకున్న ఒప్పందం మరిచిపోకు. ఫోనైతే నువ్వు సగం విని ‘ఆ ఆ’ అంటావు. ఉత్తరమైతే చచ్చినట్టు మొత్తం చదువుతావు.

నీ మేనత్త,
నాగరాణి


మహబూబ్‌నగర్,
3 డిసెంబర్ 2023.

అత్తమ్మా,

నీ ఉత్తరం కాలేజీ ల్యాబ్‌లోనే విప్పి రెండుసార్లు చదివాను. విద్యార్థులు నాకు వేరే ఉద్యోగం వచ్చిందనుకున్నారు. సుచరిత గారి పని తప్పకుండా నీదే, సందేహం పెట్టుకోకు.

కానీ పత్తి కింద కంప్యూటర్ అంటే నాకు భయంగా ఉంది. ఎందుకో చెబుతా, విసుక్కోకు. నీ కంప్యూటర్‌ను నడిపే సిస్టమ్ ఉంది చూడు, నేను వేసింది రోలింగ్ రకం. అందులో కొత్తవి ఎప్పటికప్పుడు వస్తూనే ఉంటాయి, మనం ఎప్పటికప్పుడు తీసుకుంటూనే ఉండాలి. వారం వారం తీసుకుంటే ఏమీ తెలియదు. నెలల తరబడి ఆపి ఒక్కసారి తీసుకుంటే అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, మధ్యలో ఏది తేడా వచ్చినా మొత్తం కూర్చుంటుంది. అందుకే పత్తి తీశాక ‘అప్‌డేట్’ అని అడిగితే నువ్వు ముట్టుకోకు. నేను వచ్చి చేస్తా.

ఇదే మాట ల్యాబ్‌లో అంటే కొత్తగా చేరిన మేడమ్ ఒకామె నన్ను తగులుకుంది. ఆమెది ఇంకో పంథా. ఇమ్యూటబుల్ అని, మార్చలేని రకం. అందులో అసలు సిస్టమ్‌కు సీలు వేసి ఉంటుంది. ఎవరూ లోపల చెయ్యి పెట్టలేరు. కొత్తది వచ్చినప్పుడు పాతదాన్ని కదిలించదు, మొత్తం ఒక్క ముక్కగా పక్కన దిగుతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు కొత్తది లేస్తే సరి, లేవకపోతే పాతది ఉన్నది ఉన్నట్టు ఉంటుంది.

“సీలేసిన డబ్బల నాకు ఊపిరాడది మేడమ్” అన్నాను.

“మీరు మూత తెరుసుకొని బతుకుండ్రి సార్. పాపం మీ అత్తమ్మను ఎందుకు ఆగం జేస్తున్నరు?” అంది.

నిన్ను చూడనైనా చూడని మనిషి నీ తరఫున వాదిస్తోంది చూడు. నాకు రోలింగే ఇష్టం. రేపు రాబోయేది ఇవాళే చేతికి వస్తుంది. నువ్వు గంట కావాలంటే గంట, అక్షరాల వరుస మార్చమంటే వరుస, అన్నీ లోపల చెయ్యి పెట్టి చేసిందే కదా. సీలు వేస్తే అవన్నీ ఎట్లా చెయ్యాలి?

జనవరి అంతా నాకు పరీక్షల డ్యూటీ. ఆ తర్వాత వస్తా. మంచులో కూర్చోకు, మెడ ఇంకా పట్టేస్తుంది.

నీ
ప్రవీణ్


మర్రిగూడ,
28 జనవరి 2024.

ప్రవీణ్,

నేను నాగరాణి అత్తమ్మను. చెప్పేది నేను, రాసేది మన పక్కింటి కోడలు నిరోష. నేనెట్ల చెప్తె అట్లనే రాయమన్న.

పత్తి అమ్మినం. గది ఊడ్సినం. డబ్బా మీదికెళ్లి దుప్పటి తీసినం, మంచిగనే లేసింది. గంట మోగింది. అప్‌డేట్ అని అడిగింది. నువ్వు ముట్టొద్దని రాసినవు, నాకు యాదికున్నది. గని నువ్వు డ్యూటీల ఉన్నవు, ఊకె అడుగుతాంది, నాకు పని మొదలు పెట్టాలె. సరే అని తొక్కిన. సగం కాంగనే కరెంటు పోయింది. ఇన్వర్టర్ గూడ పత్తి కిందనే ఉండె, చార్జింగ్ ఎక్కలే. మల్ల కరెంటు వచ్చినంక నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వస్తున్నయి. పెడల్ తొక్కితె ఉలుకు లేదు పలుకు లేదు.

నువ్వేం ఫికర్ చెయ్యకు. డ్యూటీ అయినంకనే రా. నేను మంచిగున్న. అవ్వ మంచిగున్నది. మేకలు మంచిగున్నయి. ఇంక చెప్పేది ఉన్నది గని వేరేవాళ్ల చేతుల పెట్టి చెప్పలేను. నిరోష ఏమనుకోకు బిడ్డా, గిది గూడ రాయి.

అత్తమ్మ

అన్నా, గీ కింది ముక్క అక్కకు చదివి వినిపియ్యలే. అక్క మంచిగ లేదు. సుచరిత మేడమ్ ఫోన్ జేస్తె, “ఇయ్యలేను మేడమ్, వేరేవాళ్లకు ఇచ్చుకోండ్రి” అన్నది. ఎందుకని అడిగితె చెప్పలే. గా మేడమ్ మంచిది ఉన్నట్టున్నది, ఏప్రిల్ దాక ఆగుతనన్నది. ఫోన్ పెట్టినంక అక్క నడవని డబ్బా ముంగట, కాలు పెడల్ మీద పెట్టుకొని గట్లనే కూసున్నది. గోపమ్మవ్వ అన్నం తెచ్చి పక్కన పెడితె సల్లారిపోయింది. నువ్వు డ్యూటీ అయ్యేదాక ఆగకు అన్నా.
– నిరోష


మహబూబ్‌నగర్,
6 ఫిబ్రవరి 2024.

అత్తమ్మా,

ఆదివారం వచ్చి పోయాను కదా, మళ్లీ ఉత్తరం ఎందుకంటావేమో. నువ్వేమో ‘చాయ్ తాగు, సకినాలు తిను’ అంటూ మాట మార్చావు. నేను తెర వైపు చూస్తూ ఉండిపోయాను.

మిషన్ నడుస్తోంది. మొత్తం తుడిచేసి మళ్లీ రోలింగే వేశాను, ఎందుకంటే పెడల్ ప్రోగ్రామ్ నా దగ్గర దానికే సిద్ధంగా ఉంది, నీకు పని వెంటనే మొదలు కావాలి. కానీ వచ్చేటప్పుడు బస్సులో మల్లేపల్లి దాటేదాకా నిరోష రాసిన ముక్కే కళ్ల ముందు ఆడింది. ఆ పిల్ల మీద కోప్పడకు. అది రాయకపోతే నువ్వు మంచిగున్నావనే నమ్మేవాణ్ణి.

తెల్లారి ల్యాబ్‌లో అక్షితకు జరిగింది చెప్పాను. ‘చెప్పలేదా’ అంటుందనుకున్నాను. అనలేదు. “ఆమెకు ఏది కావాలో ఆమెను అడిగినరా?” అంది. నాలుగేళ్ల కింద మిషన్ తెచ్చి పెట్టినప్పుడు నిన్ను అడగలేదు. నాకు నచ్చింది నీకు వేశాను.

అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. ఉన్నది ఉంచుకుంటే నువ్వు కోరిన ప్రతి చిన్న మార్పూ నేను చిటికెలో చేస్తా. కానీ అది ఎప్పుడు కూర్చుంటుందో నేను మాట ఇవ్వలేను. మీ ఊళ్లో కరెంటు సంగతి చూస్తే అసలే ఇవ్వలేను. సీలు వేసింది పెడితే అది నిలబడుతుంది. కానీ నేను లోపల చెయ్యి పెట్టి చేసిన సర్దుబాట్లు అందులో చెల్లవు. పెడల్ ప్రోగ్రామ్ మొదటి నుంచి రాయాలి. గంట వస్తుందో రాదో తెలియదు. తర్వాత నువ్వేదైనా మార్చమన్నా ఇప్పట్లా ఒక్క పూటలో కాదు.

ఏప్రిల్ దాకా టైమ్ ఉంది. మిషన్ నీది. సుచరిత గారికి మాట ఇచ్చింది నువ్వు. ఏది వెయ్యమంటే అది వేస్తా.

ప్రవీణ్


మర్రిగూడ,
25 ఫిబ్రవరి 2024.

ప్రవీణ్,

చూడు, మళ్లీ నా కాలితో నేనే రాస్తున్నాను. నిరోష మీద కోపం లేదు. ఆ రోజు ఏమేం రాశావే అని అడిగితే, “నువ్వు చెప్పిందే రాసిన అక్కా” అని మొహం తిప్పుకుంది. అప్పుడే అర్థమైంది.

నువ్వు అడిగినదానికి జవాబు వెంటనే రాలేదు. మొన్న చిన్నమ్మ పొయ్యి దగ్గర ఉంటే చూస్తూ కూర్చున్నాను. ఆమె అలవాటు నీకు గుర్తుందా? కొత్త బిందె పట్టగానే అందులోంచి చెంబెడు తీసి కందిపప్పు పెడుతుంది. మన పాత బోరు నీళ్లలో పప్పు ఎంతసేపు మరిగినా ఉడికేది కాదు. దాన్ని బట్టే ఏ నీళ్లు తాగొచ్చో, ఏవి వద్దో చూసుకునేవాళ్లు. ఇప్పుడు నల్లా వచ్చి ఏళ్లవుతోంది. అయినా పప్పు మెత్తబడేదాకా పాత బిందెను ఒంపనివ్వదు.

“ఇంకా ఎందుకే గీ పరీక్ష?” అన్నాను.

“నీ చేతులు జూసుకుంట గట్ల అడుగుతవేందే?” అంది.

మేం చిన్నప్పుడు తాగిన నీళ్లను ఎవరూ అట్లా చూసి పోయలేదు. ఎముకలను బిగించే ఫ్లోరైడ్ అందులో ఉందని తెలియదు కదా. తెలిసిననాటి నుంచి ఆమె ఒక్క బిందె కూడా చూడకుండా ఒంపలేదు.

నీ రెండో రకం చేసేది ఇదేనని నాకప్పుడు తట్టింది. కొత్త నీళ్లు పక్కన పెట్టి, పప్పు ఉడికితేనే వాడటం. ఉడకకపోతే పాత బిందె ఉండనే ఉంది. నాకు అదే కావాలి. రేపటిది ఇవాళే నాకెందుకురా? నిన్న రాసిన పేజీ ఇవాళ తెరుచుకుంటే చాలు.

ఇక ఆనాడు నిరోష ముందు చెప్పలేని మాట. ఈ మిషన్ మొరాయించినప్పుడల్లా నాకు ముందు కోపం రాదు. ఆదివారం ప్రవీణ్ వస్తాడని సంతోషం వస్తుంది. పండక్కి, సెలవులకు నువ్వు చౌటుప్పల్‌లో మీ అమ్మానాయినల దగ్గరికి పోతావు, పోవాలి కూడా. నాకు దక్కేవి ఈ పాడైన ఆదివారాలే. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా నా పక్కన పడుకున్నవాడివి. నేను పలక పట్టుకోలేకపోతే నువ్వే పట్టుకుని, నేను నోటితో చెబుతుంటే అక్షరాలు దిద్దుకున్నావు. నువ్వు ఈ గదిలో టేబుల్ కింద దూరి వైర్లు పీకుతూ గొణుగుతుంటే నాకు ఇల్లు నిండినట్టుంటుంది. అందుకే ఇన్నాళ్లూ గట్టిది కావాలని నిన్ను అడగలేదు. పాడవనీ అనుకున్నాను.

కానీ నడవని పెడల్ మీద కాలు పెట్టుకుని కూర్చున్న ఆ వారం మళ్లీ నాకు వద్దు. సీలు వెయ్యి. గంట పోతే పోనీ.

ఇంకోటి. డిసెంబర్‌లో ‘మేడమ్ ఒకామె’. ఫిబ్రవరిలో ‘అక్షిత’. మధ్యలో జనవరిలో ఏమైందో నాకు రాయలేదు. ఉత్తరంలో సగం చెప్పి సగం దాచడం నేను నేర్పిన విద్యే, నా దగ్గరే చూపకు.

అత్తమ్మ


మహబూబ్‌నగర్,
17 మార్చి 2024.

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి బయటికి పోయి కాసేపు నడిచి వచ్చాను. ఆదివారాల సంగతి నాకు తెలియదనుకున్నావా? పోయినేడు రెండుసార్లు ఫోన్‌లో చెబితే పోయే దానికి కూడా నేను బస్సెక్కి వచ్చాను. నాకూ సాకే కావాలి.

పని అయింది. పెడల్ ప్రోగ్రామ్‌ను సిస్టమ్ లోపల కాకుండా నీ సామాన్లుండే చోట విడిగా పెట్టాం. సీలు జోలికి పోదు, సీలు దాని జోలికి రాదు. కొత్తది లేవకపోతే నువ్వేమీ తొక్కనవసరం లేకుండా పాతదే లేచేలా చేశాం.

‘చేశాం’ అన్నాను చూడు, సగం అక్షిత చేసింది. శనివారం ల్యాబ్ ఖాళీగా ఉంటే, తన రెండు చేతులూ చున్నీతో నడుముకు కట్టేయమంది. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కాలితోనే టైపు చేసింది. ముక్కు మీద దురద పుట్టినా విప్పనివ్వలేదు. చివరికి నా మీద లేచింది. “సార్, కాలు అలిసినంక గీ అక్షరాలు ఎంత జల్ది ఉరుకుతున్నయో మీకెర్కేనా? పొద్దుగాల కాలుకు సరిపోయిన జోరు పొద్దుమీకి సరిపోతదా? ఆమె నాలుగేండ్ల సంది ఎట్ల ఓర్సుకున్నదో” అంది. నాకు ఎర్క లేదు. నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నీ కాలు నెమ్మదిస్తే తెర కూడా నెమ్మదిస్తుంది.

జనవరిలో ఏమీ కాలేదు. నిజంగా. రోజూ వాదించుకున్నాం, అంతే. ఆమెది నారాయణపేట దిక్కు. నేను తన ముందు ఎక్కువ నవ్వను, నా పళ్ల సంగతి నీకు తెలుసు కదా. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

వచ్చే ఆదివారం తెచ్చి బిగిస్తా. తను కూడా వస్తానంటోంది. మిషన్ ఎట్లా నడుస్తుందో చూడటానికే.

ప్రవీణ్


మర్రిగూడ,
14 ఏప్రిల్ 2024.

ప్రవీణ్,

ముందు పని సంగతి. కథల పుస్తకం పూర్తి చేసి పంపాను. సుచరిత గారు ఫోన్ చేసి, ఒక్క పేజీ కూడా తిప్పి పంపేది లేదు, ఇంకో రెండు పుస్తకాలు పంపుతున్నాను అంది. అప్పుడు చెప్పాను, నేను ఎట్లా టైపు చేస్తానో. అటు నుంచి కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత, “మరి ఈ రెండూ ఎప్పటికి ఇవ్వగలరు?” అని అడిగింది. అంతే అడిగింది. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. మంచి ఏడుపే, నువ్వు కంగారు పడకు.

రెండో సంగతి. మీరిద్దరూ వచ్చి పోయిన తర్వాతి వారం అప్‌డేట్ అని అడిగింది. చిన్నమ్మను పిలిచి, చూడు, ఇది కొత్త బిందె పడుతోంది, పాతది పక్కనే ఉంది అని చెప్పాను. ఆమె గడపలో నిలబడి సగం దాకా చూసింది. తర్వాత చప్పుడు చెయ్యకుండా పోయి ఇంటి మెయిన్ దించేసింది. ఇన్వర్టర్ వైరు కూడా పీకింది. తెర నల్లబడింది. “ఏం జేసినవే చిన్నమ్మా” అని నేను మొత్తుకుంటే, “పప్పు పెట్టి జూడకుంట నమ్ముతమా?” అంది. నా చెయ్యి వంగితే ఆ రోజు ఆమె జుట్టు పట్టుకునేదాన్ని.

మళ్లీ మెయిన్ ఎత్తింది. నేను తెర వైపు చూడలేక కళ్లు మూసుకున్నాను. కాలు పెడల్ మీదే ఉంది. కాసేపటికి భయపడుతూనే తొక్కాను. గంట మోగింది. కొట్టంలో నల్లమేక అరిచింది. పొద్దున నేను వదిలిపెట్టిన పేజీ వదిలిన చోటే ఉంది. గంట వస్తుందో రాదో అన్నావు కదరా, దాన్ని కూడా తెచ్చి పెట్టింది ఎవరో నాకు తెలుసు.

చిన్నమ్మ తెర దగ్గరికి వచ్చి, కొంగుతో దాని మీద దుమ్ము తుడిచి, “ఉడికింది” అని పోయింది. ఈ ఏడు పత్తి ఈ గదిలో పొయ్యదట. అడగకుండానే చెప్పింది.

ఇక మూడో సంగతి. ఆనాడు నువ్వు టేబుల్ కింద ఉన్నప్పుడు అక్షిత నా దగ్గర కూర్చుని దువ్వెన అడిగి తీసుకుని నా తల దువ్వింది. నా మెడ ఎంత తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో చూసుకుని దువ్వింది. “మీ అల్లుడు నవ్వితె మంచిగుంటడు అత్తమ్మా, నవ్వడు గని” అంది. నీ పళ్ల చారలు ఆ పిల్ల మొదటి రోజే చూసిందట. “ఇంక ఆయన అడగలే, నేను ఆగుతున్న” అంది. రేపటిది ఇవాళే కావాలనే మనిషివి, ఈ ఒక్క మాట అడగడానికి ఎన్ని నెలలురా నీకు?

మిషన్ బాగుంది. పాడవలేదు, పాడయ్యేలా కూడా లేదు. ఇక్కడ ఇప్పుడు నీకు చేసేందుకు ఏ పనీ లేదు. అందుకని వచ్చే ఆదివారం ఊరికే రా. పప్పు పెట్టి ఉంచుతాం. ఒక్కడివే వస్తే మాత్రం తలుపు తియ్యను.

మీ అత్తమ్మ,
నాగరాణి